బోణీ కాకముందు వచ్చిన టీచరు

ఫినాయిల్ వాసన వస్తే నాకు ఆకలి వేస్తుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఇవాళ పొద్దున పాతబస్తీ శాలిబండలో మా దుకాణం ఎదురుగా ఉన్న దవాఖానా మెట్లను చీపురుతో రుద్ది కడుగుతున్నారు. తెల్లటి నీళ్లు రోడ్డు వాలులో జారుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి. నేను అప్పుడే కడుపునిండా ఉప్మా తిని వచ్చి కూర్చున్నాను. అయినా ఆ వాసన ముక్కుకు తగలగానే పొద్దుటి నుంచి ఏమీ తిననట్టు కడుపు కరకరలాడింది. దీనికి కారణం ఎస్తేరు టీచరు. ఆవిడ నాకు తెచ్చిపెట్టిన చిక్కుల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది.

ఆవిడ మా ఆడపిల్లల హైస్కూలుకు చేతిపనుల టీచరుగా వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పొట్టిగా, గట్టిగా ఉండేది. జహనుమా నుంచి నడిచి వచ్చేది. భర్త రైల్వేలో ఫిట్టరు. ఎండ ఉన్నా లేకపోయినా, వాన ఉన్నా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. అప్పట్లో బడుల్లో ‘పని అనుభవం’ అని ఒక పీరియడు పెట్టారు. మిగతా బడుల్లో ఆ గంటలో పిల్లలు దిండు గలీబుల మీద పూలు కుట్టేవారు. మాకూ అదే చెబుతారనుకుని సూది దారం తెచ్చుకున్నాం. ఆవిడ వాటిని చూసి, “కుట్లు మీ అమ్మలు నేర్పుతరు. అమ్ముడు ఎవరు నేర్పుతరు?” అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్నే ఒప్పుకోలు అనుకుని మా తరగతిని కంపెనీగా మార్చేసింది. మాకు ఎదురు చెప్పే వీలు ఇవ్వలేదు. ఎవరికీ ఎప్పుడూ ఇచ్చేది కాదు.

కంపెనీ సరుకు ఫినాయిల్. బట్టల సబ్బును వేడినీళ్లలో కరిగించి, ఆవిడ తెచ్చిన గోధుమరంగు నూనె కలిపి, పెద్ద గంగాళంలో కట్టెతో తిప్పాలి. తిప్పగా తిప్పగా ఆ నీళ్లు పాలలా తెల్లబడతాయి. అంతవరకు బాగానే ఉంది. అది చూడటం నాకు నిజంగా ఇష్టం కూడా. కానీ ఆవిడ పనులు పంచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ తల పట్టుకోవాలనిపిస్తుంది. ఎవరికి ఏది చేతకాదో వాళ్లకు ఆ పనే. నోరు మూయని విమలను గంగాళం దగ్గర నిలబెట్టి ముక్కుకూ నోటికీ కలిపి గుడ్డ కట్టింది. ఏ వస్తువూ ఒకచోట పెట్టని పిల్లకు సీసాలు సర్దే పని ఇచ్చింది. రెండేళ్లుగా హాజరు పలకడానికి కూడా నోరు రాని నా వైపు గొడుగు చూపించి, “అనసూయా, నువ్వు అమ్మాలె” అంది.

మాట్లాడే ధైర్యం లేక నేను ఒక చీటీ రాసి ఇచ్చాను. సీసాల మీద అంటించే కాగితాలు రాస్తానని, నా దస్తూరి బాగుంటుందని, అమ్మే పని ఇంకెవరికైనా ఇమ్మని. ఆవిడ చదివి మురిసిపోయింది. “మస్తు రాసినవు బిడ్డా. గిదే నోటితోని చెప్పు” అని చీటీ తిరిగి నా చేతిలో పెట్టింది. చెప్పాను. ఆవిడ వెనక తలుపు దాకా వెళ్లి నిలబడి, అరచేయి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, “వినబడలే. మళ్ల చెప్పు” అంది. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే చెయ్యి, అదే మాట.

ఆ రోజు నుంచి అది తంతుగా మారింది. మా పీరియడు సరిగ్గా మధ్యాహ్నం అన్నం గంటకు ముందు. నేను తరగతి ముందు సీసా పట్టుకుని నిలబడాలి. ముందు ధర చెప్పాలి, తర్వాత సరుకు గురించి చెప్పాలి. ధర గొణిగితే దొంగ సామాను అనుకుంటారట. నా మాట వెనక తలుపు దగ్గరికి వినబడేదాకా ఎవరూ అన్నం డబ్బా మూత తీయకూడదు. బయట గంట కొట్టేవారు. మిగతా తరగతుల పిల్లలు వేపచెట్టు కింద డబ్బాలు విప్పేవారు. మా గదిలో ఫినాయిల్ వాసన, నలభై ఆకళ్లు, వాటి ముందు నేను. “ఓ తల్లీ, గట్టిగ అనవే, మా అమ్మ పులిహోర పెట్టింది” అని విమల గుడ్డ లోపలి నుంచే బతిమాలేది. ఆ ఏడాది డైరీ నిండా ఒకటే మాట తిప్పి తిప్పి రాసుకున్నాను: ఈ మనిషిని నేను భరించలేను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా తాత కాలం నుంచి మాది శాలిబండ వాలులో సబ్బులు, సోడా, అగ్గిపెట్టెల హోల్‌సేల్ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక ఆకుపచ్చ పరదా. ఆడవాళ్లు ఆ పరదా దాటకూడదు. అమ్మ చాయ్ గ్లాసు పరదా పక్కనుంచి అందించేది. మా అమ్మలో ఆ చెయ్యి ఒక్కటే దుకాణంలోకి వెళ్లేది. పొట్లాల కోసం బాపు తూకానికి కొన్న పాత పుస్తకాల కట్టలు పరదాకు ఇవతల, మా వైపే పడి ఉండేవి. నేను వాటి మీద కూర్చుని, పొట్లాలుగా మారకముందే ఏది దొరికితే అది చదివేదాన్ని. చాలా కథలకు నాకు చివర్లు తెలియవు. అవి అప్పటికే ఎవరింటికో సోడాతో పాటు వెళ్లిపోయేవి.

అమ్మకం మాదన్నపేట మార్కెట్లో, కూరగాయల వాళ్ల పక్కన పెడదామని టీచరు తేల్చింది. ఇంట్లో చెప్పక తప్పలేదు. బాపు కేకలు వేసే మనిషి కాదు. అన్నం కలుపుతూనే అన్నాడు.

“సదువుకో, వద్దంటలేను. షావుకారి బిడ్డ బజార్ల నిలవడి ఫినాయిల్ అమ్ముడేంది? నువ్వు ఆడ నిలవడ్డవని నాకు ఎరుకైన దినం సదువు బందు.”

బాపు రెండోసారి చెప్పే మనిషి కూడా కాదు. నాకు బడి తప్ప వేరే లోకం లేదు. ఒక పుస్తకం చివరి పేజీ దాకా చదవగలిగేది బడిలోనే. మరునాడు టీచరు దగ్గరికి వెళ్లి, వినబడీ వినబడనట్టుగా ఈ సంగతి చెప్పాను. ఆవిడ నా భుజం తట్టి, “ఫికర్ చేయకు. మీ బాపుతోని నేను మాట్లాడత” అంది. ఆ మాట విన్నాకే నాకు అసలు ఫికరు మొదలైంది.

ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చింది. అదీ ఎప్పుడు? బాపు చెక్క తలుపులు తీసి, గల్లాపెట్టె ముందు ఊదుబత్తి వెలిగించి, ఇంకా చెయ్యి దించకముందు. బోణీ కాకముందు. మా వైపు దుకాణాల్లో ఈ పట్టింపు లేని మనిషి లేడు, ఏ మతం వాడైనా సరే. పొద్దున గుమ్మం ఎక్కిన మొదటి మనిషి ఏదో ఒకటి కొనాలి. అగ్గిపెట్టె కొన్నా చాలు. ఆ డబ్బులు కళ్లకు అద్దుకుని గల్లాలో వేశాకే అప్పు మాటైనా, చిల్లర మాటైనా, తగువైనా. ఊరికే వచ్చినవాళ్లు పక్కన నిలబడి బోణీ అయ్యేదాకా ఆగుతారు. ఎస్తేరు టీచరుది జీతం ఇల్లు. నెలకోసారి సాయంత్రం పూట చీటీ ఇచ్చి సరుకులు తెచ్చుకునే ఇల్లు. ఏ దుకాణానికీ ఆవిడ మొదటి గిరాకీ అయి ఉండదు.

పరదా వెనక అమ్మా నేనూ వింటున్నాం.

“నమస్తే సేటు. నేను అనసూయ వాళ్ల టీచర్‌ను. మీరు అమ్ముతరు గద, మీ బిడ్డ అమ్మితె తప్పేంది?”

“టీచరమ్మా, జరంత ఆగి రాండ్రి.”

“ఆగుడు ఎందుకు సేటు? రెండే మాటలు.”

రెండు మాటలు కావు. ఆడపిల్లల గురించి, ధైర్యం గురించి, రేపటి రోజుల గురించి ఆవిడ మెట్టు మీద నిలబడి ఉపన్యాసమే ఇచ్చింది. బాపు ఆగమని అంటున్నకొద్దీ తప్పించుకుంటున్నాడనుకుని ఇంకా గట్టిగా చెప్పింది. చివరికి బాపు గొంతు బతిమాలుతున్నట్టు అయిపోయింది. “సరే తల్లీ, ఏమన్న తీస్కుంటరా? సబ్బు? అగ్గిపెట్టె?”

“నాకేం వద్దు సేటు. మీ బిడ్డను పంపితె చాలు” అని ఆవిడ గొడుగు ఊపుకుంటూ దిగి వెళ్లిపోయింది.

అమ్మ నుదురు కొట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా గిరాకీ రాలేదు. తర్వాత వాన పట్టుకుంది. వాన టీచరు తెచ్చింది కాదని నాకు తెలుసు. కానీ బాపుకు నచ్చజెప్పేదెవరు? సాయంత్రం పరదా అవతలి నుంచే అమ్మతో అన్నాడు. “సోమవారం పొయి టీసీ తెస్త. ఇగ ఆ బడి లొల్లి మనకు వద్దు.”

మరునాడు బడికి వెళ్లేసరికి ఎస్తేరు టీచరు హుషారుగా గంగాళం తిప్పిస్తోంది. నన్ను చూసి, “ఏమన్నడు మీ బాపు? ఒప్పుకున్నడా?” అని అడిగింది. నాలో ఏం తెగిందో తెలియదు.

“ఏం ఒప్పుకునుడు టీచర్! మీరు బోణీ గాకముందు వచ్చిన్రు. లొల్లి చేసిన్రు. ఏం కొనకుండ పోయిన్రు! బాపు టీసీ తెస్తనన్నడు. నా సదువు మీరే బందు పెట్టిచ్చిన్రు!”

గదిలో కట్టె తిప్పే చప్పుడు ఆగిపోయింది. టీచరు స్టూలు మీద కూర్చుంది. మెల్లగా అడిగింది.

“ఒక అగ్గిపెట్టె కొంటె అయిపోతుండెనా?”

“అయిపోతుండె.”

“ఆయన అడిగిండు గూడ.” తనలో తనే తల ఊపుకుంది. తర్వాత ముఖం ఎత్తి, నవ్వు ఆపుకుంటూ, “ఇంత గొంతు ఎక్కడ దాచినవే? వెనక తలుపు గాదు, హెడ్‌మిస్ట్రెస్ రూము దాంక వినబడ్డది” అంది.

నా చదువు మంటల్లో ఉంటే ఆవిడ నా గొంతు గురించి మాట్లాడుతోంది! ఏడుపు వచ్చింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా ఇంకో ప్రశ్న వేసింది.

“మొదటి గిరాకిని మీ బాపు వాపసు పంపడు. గంతేనా?”

“ఎవ్వరినీ పంపడు.”

“నిన్ను గూడ?”

మా ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు.

“మనకు సబ్బు ఒడిసింది. శనివారం పొద్దుగాల నువ్వు పొయి కొనుక్క రా. ముంగట దిక్కు నుంచి, గిరాకి లెక్క.”

విమల గుడ్డ దించి అంది, “టీచర్, సొంత బాపుతోని బేరమా? ఈమెకు ఇంట్ల బువ్వ గూడ పెట్టరు.”

“నూనె తేలుతుంది, నువ్వు తిప్పు” అంది టీచరు.

ఆ శనివారం నేను వెనక తలుపు తీసుకుని, గల్లీ చుట్టూ తిరిగి మా దుకాణం ముందుకు వచ్చాను. మా దుకాణాన్ని రోడ్డు మీద నిలబడి చూడటం నాకు అదే మొదలు. బోర్డు మీద తాత పేరు సగం వెలిసిపోయి ఉంది. బస్తాలు మోసే ఇస్మాయిల్ భాయ్ తోపుడుబండికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. రోడ్డుకు అవతల, దవాఖానా మెట్ల దగ్గర, గొడుగు వేసుకుని ఎస్తేరు టీచరు. ఎండ లేదు, వాన లేదు. దాక్కున్నాననుకుంటోంది కాబోలు. శాలిబండ అంతటికీ ఆ గొడుగే కనబడుతోంది.

బాపు ఊదుబత్తి గుచ్చి ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. “ఏంది గిట్ల ముంగట దిక్కు వచ్చినవు? లోపలికి నడువు” అన్నాడు తగ్గు గొంతుతో.

“సబ్బు కడ్డీలు కావాలె. ధర చెప్పుండ్రి” అన్నాను. నాకే వినబడలేదు. అవతల గొడుగు కింద అరచేయి చెవి వెనక్కి వెళ్లింది. ఆ చెయ్యి చూడగానే భయం కన్నా ముందు ఒళ్లు మండింది. ఇక్కడ కూడానా! ఆ మంటలోనే గట్టిగా అన్నాను. “సబ్బు కడ్డీలు కావాలె! ధర చెప్పుండ్రి!”

ఇస్మాయిల్ భాయ్ బీడీ నోట్లోంచి తీశాడు. “బోనీ కా గిరాక్ హై సేఠ్, ఖాలీ నక్కో భేజో” అన్నాడు నవ్వుతూ. మొదటి గిరాకీ, ఉత్త చేతులతో పంపకు అని.

బాపు ఊదుబత్తి వంక చూశాడు, గల్లా వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ చిక్కులోంచి బయటపడే దారి ఆయనకు కనబడలేదు. ఒక ధర చెప్పాడు.

“అది చిల్లర ధర. మేం బడికి పెట్టెడు తీస్కుంటం” అన్నాను.

“పెట్టె ధర వేరే. అయినా గంతకన్న తగ్గదు.”

“మాకు మంచి కడ్డీలు ఎందుకు? ఎట్లైన కరిగిచ్చేదే గద. విరిగినయి గల్లా కింద గోనెసంచిల ఉన్నయి. అవి ఇయ్యుండ్రి, ధర తగ్గియ్యుండ్రి.”

బాపు చెయ్యి తక్కెడ మీద ఆగిపోయింది. “విరిగినయి ఉన్నయని నీకెవరు చెప్పిన్రు?”

“పరద ఎనక నుంచి అన్నీ కనబడుతయి బాపూ.”

ఇస్మాయిల్ భాయ్‌కి దగ్గు వచ్చేంత నవ్వు వచ్చింది. పరదా కదిలింది. అమ్మ అక్కడే ఉందన్నమాట. బాపు గోనెసంచి బయటికి లాగి, ముక్కలు తూచి, కాగితంలో కట్టాడు. నేను డబ్బులు ఇచ్చాను. అలవాటు కొద్దీ కళ్లకు అద్దుకున్నాడు. అద్దుకున్నాక, అవి ఎవరి చేతిలోంచి వచ్చాయో అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, గల్లాలో వేశాడు.

సోమవారం బాపు టీసీకి వెళ్లలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సాయంత్రం చాయ్ గ్లాసు తిరిగి ఇస్తూ పరదాతో అన్నట్టుగా అన్నాడు. “కొనుడైతె కొనుమను. అమ్ముడు మాత్రం వద్దు.”

నేను పరుగున వెళ్లి ఈ కబురు చెబితే ఎస్తేరు టీచరు సంతోషిస్తుందనుకున్నాను. నా చదువు నిలబడింది. మొట్టమొదటిసారి నా నోటితో నేనొక పని సాధించాను. ఆవిడ పెదవి విరిచింది. “సగం మాటే ఒప్పుకున్నడు. నువ్వు గూడ సగమే నేర్చినవు. కొనుడు ఎవలకన్న వస్తది. అమ్ముడు ఇంక రాలే” అంది. ఇలాంటి మనిషితో ఏం చేయాలి? పదో తరగతి అయ్యేదాకా కంపెనీకి కావాల్సిన సబ్బు, సీసాలు, బిరడాలు అన్నీ నేనే బేరమాడి తెచ్చాను. మాదన్నపేటలో గొంతు చించుకుని అమ్మింది విమల. వీడ్కోలు రోజున టీచరు అందరికీ ఏదో ఒక మంచి మాట చెప్పింది. నా దగ్గరికి వచ్చి, “నీది సగం ఉండిపోయింది” అని ముందుకు నడిచింది. ఆ రాత డైరీలో ఇంకా ఉంది, పక్కన కోపంగా గీసిన గీతలతో సహా.

ఆ మిగిలిన సగాన్ని తెచ్చింది బాపు కళ్లే. నేను ఇంటర్ పూర్తి చేసేనాటికి ఆయనకు రెండు కళ్లలోనూ పొర కమ్మింది. దుకాణం చూసుకోవాల్సిన మా అన్నకు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, షిఫ్టులు మారుతూ ఇంటి పట్టున లేడు. ఒకరోజు బాపు తక్కెడ ముల్లు కనబడక చాలాసేపు వంగి చూసి, పరదా వైపు తిరిగి, “అనసూయా, జర నువ్వొచ్చి కూసో” అన్నాడు. అంతే. ఆ తర్వాత పరదా తీసి ఉతకడానికి వేశాం. మళ్లీ కట్టలేదు. ఇప్పుడు సబ్బుల పక్కన సగం దుకాణం నోటు పుస్తకాలు, పలకలు, పాత పాఠ్యపుస్తకాలు. పొట్లాలకు వచ్చే కట్టల్లో చివరి పేజీ ఉన్నవాటిని ఏరి అమ్ముతాను. నాకు ఇప్పటికీ కొత్తవాళ్లు వస్తే గొంతు కిందికి జారుతుంది. అప్పుడు రోడ్డు అవతలికి చూస్తాను, దవాఖానా మెట్ల మీదికి. ముందు ధర చెబుతాను.

పోయిన చలికాలంలో ఒక పొద్దున తలుపులు తీసి ఊదుబత్తి గుచ్చి తిరిగేసరికి మెట్టు మీద నల్ల గొడుగు. బాగా చిక్కిపోయింది. ఆయాసపడుతోంది. బోణీ కాకముందే వచ్చింది, కావాలనే వచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. మనవరాలికి పలక కావాలంది. నేను పలక తీసి చేతిలో పెట్టి, “ఊరికే తీస్కపోండి టీచర్” అన్నాను.

“బోణీ బేరం ఊరికే ఇస్తరా? నీకు నేనేం నేర్పినట్టు? ధర చెప్పు.”

చెప్పాను. ఆవిడ అరచేయి చెవి వెనక పెట్టుకుంది. “వినబడలే. మళ్ల చెప్పు.” ఇంకా ఎన్నాళ్లు ఈ ఆట అని విసుగ్గా ఆవిడ వంక చూశాను. ఆట కాదు. ఆవిడ కళ్లు నా పెదాల మీద ఉన్నాయి. నిజంగానే వినబడటం లేదు. గట్టిగా చెప్పాను, రోడ్డు అవతలికి వినబడేలా.

“గంతనా! ఒక రూపాయి తగ్గియ్యి.”

వెంటనే తగ్గించాను. ఆవిడతో బేరమాడటానికి మనసు రాలేదు. డబ్బులు ఇచ్చింది. కళ్లకు అద్దుకున్నాను. పలక చంకన పెట్టుకుని, గొడుగును కర్రలా ఆనించుకుంటూ మెట్టు దిగింది. క్రిస్మస్ కూడా రాకముందే ఆవిడ చనిపోయిందని తర్వాత విమల వచ్చి చెప్పింది. నేను ఆవిడను చూడటం ఆ పొద్దునే ఆఖరు. రోడ్డు మీదికి దిగాక ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, నా వంక చూసి, తొమ్మిదో తరగతిలో చూసినట్టే విసుగ్గా తల అడ్డంగా ఊపింది.

“గంత జల్ది తగ్గుతరానే? ఇంకొక్క మాట గట్టిగ అంటె, నీ ధరే ఇచ్చి పోతుంటి గద!”